సిమెంటు అంచున సందు పడకుండా బాండింగ్ ఎట్లా వేయాలి

"పోయినేడు సిమెంటు పెట్టించుకుంటి మేడం, ఇప్పుడు సల్లనీళ్లు తాగితే జివ్వుమంటాంది." అనంతపురంలో నా కుర్చీలో కూర్చునేవాళ్లు తరచూ చెప్పే మాట ఇది. ఎక్స్‌ప్లోరర్ (పన్ను తడిమి చూసే సన్నటి కొక్కెం) మొనతో అంచు వెంబడి గీస్తే ఒకచోట తట్టుకుంటుంది. అక్కడే గోధుమరంగు గీత.

జనం సిమెంటు అనే ఈ పంటిరంగు కాంపోజిట్ లైటుకు గట్టిపడేటప్పుడు సుమారు 2, 3 శాతం కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు బాండింగ్, అంటే దాన్ని పంటికి అతికించే పని, నిలవకపోతే కంటికి ఆనని సందు పడి, ఉమ్ము, దాంతోపాటు క్రిములు దిగుతాయి. కొత్తగా క్లినిక్ పెట్టిన పిల్లలు ఖరీదైన బాండ్ (అతికించే ద్రవం) సీసా కొంటే సరిపోతుందనుకుంటారు. పంటిని గరుకు చేసే యాసిడ్ కడిగినప్పటి నుంచి లైటు పెట్టేదాకా ఉండే ఆ కాస్త సమయంలోనే పని నిలిచేదీ చెడేదీ తేలిపోతుందని నా నమ్మకం.

రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ ఉమ్ము రాకుండా కట్టే రబ్బరు తెర) కట్టండి. కింది దవడ పళ్లకు దూదిని నమ్ముకుంటే, నాలుక ఒక్కసారి కదిలితే చాలు, ఉమ్ము వచ్చి పడుతుంది. రెండు పళ్ల మధ్య గుంటయితే పంటి చుట్టూ బ్యాండు, పళ్ల సందులో వెడ్జ్ (చిన్న చీల) బిగించి, చిగురు వైపు రక్తం ఊరడం లేదని చూసుకున్నాకే యాసిడ్ సిరంజి ముట్టుకోండి.

37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్‌ను ముందు ఎనామెల్ (పంటి గట్టి పైపొర) అంచుల మీద పెట్టి, 15 సెకన్లయ్యాక డెంటిన్ (దాని కింది పొర) మీదికి దించి, ఇంకో 15 సెకన్లలోపు కడిగేయాలి. డెంటిన్‌ మీద అంతకుమించి ఉంచితే డెంటిన్‌లోని కొలాజెన్ పోగులు లోతుగా బయటపడతాయి, బాండ్ అంత లోతుకు చేరదు. యాసిడ్ పెట్టినా పెట్టకున్నా పనిచేసే యూనివర్సల్ బాండ్ వాడేటప్పుడు నేను ఎనామెల్‌కి మట్టుకే యాసిడ్ పెడతాను. అలాంటి చాలా బాండ్లలో ఉండే ఎండీపీ అనే రసాయనం డెంటిన్‌లోని కాల్షియాన్ని తనే పట్టుకుంటుంది.

మన జిల్లా బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. అది పాఠ్యపుస్తకం చదివినంత మాత్రాన గుర్తుకురాదు. ఆ ఫ్లోరైడ్‌తో గారపట్టిన పంటి ఎనామెల్ పైపొర యాసిడ్‌కి తొందరగా లొంగదు. కడిగి ఆరబెట్టాక ఎనామెల్ సుద్దలా మసకబారాలి. ఇంకా నిగనిగలాడుతుంటే బాండ్ వేయొద్దు. సన్నటి డైమండ్ బర్‌తో అంచు పైపొరను రవ్వంత తీసి, ఎనామెల్‌కి మళ్లీ యాసిడ్ పెట్టి, ఈసారి సమయం పెంచండి. మంచి నీళ్ల కోసం బోరు తప్ప దిక్కులేని పల్లెల నుంచి వచ్చేవాళ్లకు సిమెంటు ఊరికే ఊడిపోతుంటే, నేను ముందు చూసేది దీన్నే.

యాసిడ్‌తో కడిగిన డెంటిన్‌ను గాలితో ఎండగొట్టకండి. కొలాజెన్ చతికిలబడుతుంది. తడి దూదితో అద్ది నీళ్లు తీసేయండి. పైన నీళ్లు నిలవకూడదు, సన్నని మెరుపు మాత్రం ఉండాలి.

ఇక బాండ్. పూసి వదిలేయకుండా మైక్రోబ్రష్‌తో 20 సెకన్లు రుద్దండి. తర్వాత గాలి ముందు దూరం నుంచి మెల్లగా, ఆపైన దగ్గరగా, ద్రవం అలలాడటం ఆగేదాకా. బాండ్‌లో ఉండే సాల్వెంట్ (ఎగిరిపోవాల్సిన ద్రవం) మిగిలిపోతే లోపల పొర బలహీనంగానే ఉండిపోతుంది. మూలల్లో నిలిచిన బాండ్‌ను కొత్త బ్రష్‌తో తీసేయాలి, లేదంటే రేపు ఎక్స్‌రేలో నల్లగా కనబడి పుచ్చనుకుంటారు. లైటు కంపెనీ చెప్పినంతసేపు పెట్టండి. లైటు మొనకు కాంపోజిట్ అంటుకుని ఉంటే వెలుగు తగ్గుతుంది, రోజూ తుడవండి.

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. చుక్కను ముందే గిన్నెలో వేసి ఫ్యాను కింద ఉంచితే సాల్వెంట్ ఎగిరిపోయి బాండ్ జిగటెక్కుతుంది. వాడేముందే చుక్క వేసి, వెంటనే మూత పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది వేడికి వచ్చాకే వాడాలి.

కాంపోజిట్‌ను 2 మిల్లీమీటర్లు మించని పొరల్లో, ఏ పొరా బుగ్గ వైపు, నాలుక వైపు గోడలను ఒకేసారి తాకకుండా ఏటవాలుగా పెట్టండి. ఒక్కో పొరకు విడిగా లైటు.

చిగురు వైపు అంచు వేరు దాకా దిగి ఎనామెల్ మిగలని చోట బాండింగ్ ఎప్పుడూ బలహీనమే, ఎక్కువగా కారేదీ అక్కడే. ఆ అడుగున రెసిన్ కలిసిన గ్లాస్ అయానమర్ అనే మరో రకం సిమెంటు పెట్టి, పైన కాంపోజిట్ వేయండి. ఆర్నెల్లకు పిలిపించి, ఆ అంచును ఎక్స్‌ప్లోరర్‌తో తప్పక చూడండి.