తొలకరికి ట్రాక్టర్ తీసే ముందు

రోహిణి కార్తె వచ్చింది. మా నల్గొండ దిక్కు ఇక అందరికీ తొందరే. దయచేసి ఇవి చూసుకుని పొలంలో దిగండి.

ట్రాక్టర్ వెనక మట్టిని తిప్పి మెత్తగా చేసే రోటవేటర్‌కు గడ్డి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే దిగండి. ఇంజిన్ బలాన్ని దానికి అందించే ఇరుసు, అదే పీటీవో షాఫ్ట్, మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9. మా పక్క పొలం అన్న తువ్వాల అందులో పడింది. విడిపించుకునే లోపే రెండు వేళ్లు పోయాయి. ఆ షాఫ్ట్‌కు కవర్ కూడా లేదు. మీది విరిగి ఉంటే ఇప్పుడే వేయించండి.

దిగబడ్డ ట్రాక్టర్ చక్రాలకు కట్టెలు కట్టి ముందుకు లాగించొద్దు. చక్రం తిరగలేకపోతే ముందు భాగం లేచి డ్రైవర్ మీదే పడుతుంది. ఇంకో ట్రాక్టర్‌ను పిలవండి, ఆలస్యమైనా సరే.

గట్టు లేని పాత బావికి దూరంగా మలుపు తీసుకోండి. వానకు నానిన ఒడ్డు బరువు ఆపదు.

మడ్‌గార్డ్ మీద పిల్లలు వద్దు. ఏడ్చినా వద్దు. జారితే వెనక రోటవేటరే.

గొర్రు బోల్టులు బిగించాలంటే ముందు నేలకు దించండి. దాన్ని ఎత్తి పట్టే హైడ్రాలిక్ ఎప్పుడైనా దిగిపోవచ్చు.

రోడ్డెక్కే ముందు, వెనక చక్రానికొకటిగా ఉండే రెండు బ్రేక్ పెడల్స్ కలిపి లాక్ వేయండి. ఒక్క వైపే బ్రేక్ పడితే బండి బోల్తా కొడుతుంది.