సముద్రంలో ఇనుము చల్లిన ప్రయోగం కాగితాలు కావాలా? తిరుపతి నుంచే సమాచార హక్కు దరఖాస్తు పెట్టే విధానం

సముద్రంలో ఇనుము చల్లి వృక్ష ప్లవకాలను (ఫైటోప్లాంక్టన్, అంటే నీటిలో తేలే అతి చిన్న మొక్కలాంటి జీవులు) పెంచితే, అవి కార్బన్ డయాక్సైడును పీల్చుకుని భూతాపాన్ని తగ్గిస్తాయన్న ఆలోచన మీద మన దేశం నేరుగా పాల్గొన్న ప్రయోగం ఒకటుంది. అది 2009లో దక్షిణ మహాసముద్రంలో జరిగిన లోహాఫెక్స్. మన వైపు నుంచి గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ వైపు నుంచి ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి చేశాయి. ఒప్పందం ఏమిటి, అనుమతి ఎవరిచ్చారు, ఖర్చెంత, చివరికి ఏం తేలిందని రాశారు అన్న రికార్డులను అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. పర్యావరణ శాస్త్రం చదివే పిల్లలు, విలేకరులు, మత్స్యకార సంఘాలవాళ్లు ఈ పని తిరుపతి దాటకుండానే చేసుకోవచ్చు. దారి సమాచార హక్కు చట్టం, 2005.

కొండ కింద ఊరికి సముద్రంతో పనేమిటని అడిగేవాళ్లున్నారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట, మనవైపు పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. సముద్రంలో పచ్చదనాన్ని కొలిచే ఈఓఎస్-06 ఉపగ్రహం 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54 రాకెట్ మీద ఎగిరింది కూడా శ్రీహరికోట నుంచే. వృక్ష ప్లవకం బాగుంటేనే చేప, చేప ఉంటేనే వల. కాబట్టి సముద్రపు రసాయనాన్ని మార్చే ఏ ఆలోచన గురించైనా అడిగే అవసరం మనకుంది.

అడిగే ముందు తెలుసుకోవాల్సినవి

విషయం తెలియకుండా రాసిన దరఖాస్తుకు జవాబు కూడా అలాగే వస్తుంది. అందుకే కొంచెం ఓపికగా ఇది చదవండి.

ప్రపంచ సముద్రాల్లో కొన్ని చోట్ల నైట్రేటు, ఫాస్ఫేటు పుష్కలంగా ఉన్నా ప్లవకాలు పెద్దగా పెరగవు. దక్షిణ మహాసముద్రం, భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్, ఉత్తర పసిఫిక్‌లో ఎగువ భాగం అలాంటివి. అక్కడ కొరత ఇనుముది. ఈ మాటను 1980ల చివర గట్టిగా ముందుకు తెచ్చినవారు అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్. 1993 నుంచి సముద్రంలోనే ప్రయోగాలు మొదలయ్యాయి. ఇనుము చల్లితే ప్లవకం పెరుగుతుందన్నది ఎప్పుడో తేలిపోయింది. తేలనిది, అలా పెరిగిన ప్లవకంలోని కార్బన్ ఎంత లోతుకు దిగి, ఎంతకాలం అక్కడే ఉంటుందన్నది.

లోహాఫెక్స్‌లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ నౌక 2009 జనవరి మొదట్లో కేప్‌టౌన్ నుంచి బయల్దేరింది. అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందంలోని దేశాలు అంతకు ముందు ఏడాదే, అంటే 2008లో, సముద్రానికి ఇలా ఎరువు వేసే పనులు ఆపాలని, తీర జలాల్లో చిన్న శాస్త్రీయ పరిశోధనలకు మాత్రమే మినహాయింపు ఉండాలని కోరాయి. దాంతో జర్మనీలో అభ్యంతరాలు లేచి, ప్రయోగాన్ని కొద్దిరోజులు ఆపి, సమీక్షలు చేయించి, జనవరి చివర్లో అనుమతిచ్చారు. తర్వాత సుమారు 300 చదరపు కిలోమీటర్ల సుడినీటిలో 2 టన్నుల చొప్పున రెండుసార్లు ఇనుమును సల్ఫేటు రూపంలో కలిపి, 39 రోజులు గమనించారు. ప్లవకం పెరిగింది. అయితే ఆ నీటిలో సిలికా తక్కువ. గాజులాంటి పెంకు కట్టుకునే డయాటమ్‌లనే ప్లవకాలు పెరగాలంటే సిలికా కావాలి. అవి లేకపోయేసరికి చిన్న జాతులే పెరిగాయి, వాటిని కోపిపాడ్లనే చిన్న జలచరాలు మేసేశాయి. లోతుకు దిగిన కార్బన్ చాలా తక్కువ. 2004లో అదే మహాసముద్రంలో జరిగిన ఐఫెక్స్ ప్రయోగంలో డయాటమ్‌లు దండిగా పెరిగి, ఆ జీవరాశిలో కనీసం సగం వెయ్యి మీటర్ల కిందికి దిగిందని 2012లో ప్రచురించారు. ఇనుము ఒక్కటే సరిపోదని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. బంగాళాఖాతంలో కొరత ఇనుముది కాదు. నదుల మంచినీరు పైపొరగా పరుచుకోవడంతో కింది నీటిలోని నైట్రేటు పైకి రావడం కష్టమవుతుంది. కాబట్టి ‘పులికాట్ దగ్గర ఇనుము ఎందుకు చల్లలేదు’ అని అడిగితే ఆ ప్రశ్నకు ఆధారమే ఉండదు.

ఏ కార్యాలయాన్ని అడగాలి

ప్రయోగ నివేదిక, ఒప్పందం, ఖర్చు వివరాల కోసం గోవా దోనా పావులాలోని సీఎస్‌ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థను అడగండి. ప్రభుత్వ విధానం ఏమిటన్న ఫైళ్లకు ఢిల్లీలోని భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ. జీవవైవిధ్య ఒప్పందం సమావేశాల్లో మన దేశం తీసుకున్న వైఖరికి పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ. మూడింటికీ విడివిడి దరఖాస్తులు పెట్టడమే మేలు. ఒకే కాగితంలో మూడు శాఖల ప్రశ్నలు కలిపితే ఎవరి ముక్కకు వాళ్లు జవాబిచ్చి మిగతాది పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

పొరపాటున వేరే కార్యాలయానికి పంపినా కంగారు పడక్కర్లేదు. సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లోపు సరైన చోటికి బదిలీ చేసి మీకు తెలియజేయాలి.

చేపలు దొరికే చోట్ల సూచనలు మాత్రమే కావాలంటే దరఖాస్తు అవసరమే లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) వాటిని తెలుగులోనూ ఉచితంగా ఇస్తోంది.

ప్రశ్న ఎలా రాయాలి

చాలా దరఖాస్తులు దెబ్బతినేది ఇక్కడే. సమాచార అధికారి పని తన దగ్గరున్న రికార్డును ఇవ్వడం. అభిప్రాయం చెప్పడం, కారణాలు ఊహించి రాయడం, లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేయడం ఆయన బాధ్యత కాదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో స్పష్టంగా చెప్పింది. ‘సముద్రంలో ఇనుము చల్లడం మంచిదా కాదా?’ అని అడిగితే ‘ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అనే ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు, అది చట్టప్రకారం సరైన జవాబే. అదే సందేహాన్ని కాగితం పేరుతో అడగండి. ‘ప్రయోగానికి ముందు పర్యావరణ ప్రభావంపై తయారైన అంచనా నివేదిక నకలు’ అంటే తప్పించుకోవడానికి వీలుండదు. ‘ఎందుకు ఆపేశారు?’ అనే బదులు ‘లోహాఫెక్స్ తర్వాత ఇలాంటి ప్రయోగాల ప్రతిపాదనలపై తీసుకున్న నిర్ణయాల ఫైలు నోటింగుల నకళ్లు’ అని రాయండి. నోటింగు అంటే ఫైలు మీద అధికారులు ఒకరి తర్వాత ఒకరు రాసుకునే వ్యాఖ్య. మీ ‘ఎందుకు’కు జవాబు సాధారణంగా అక్కడే ఉంటుంది.

కాలాన్ని తప్పక పేర్కొనండి. ‘మొత్తం సమాచారం’ అనే మాట వాడకండి. శాస్త్రవేత్తల వ్యక్తిగత వివరాలు అడగకండి, వాటితో మనకు పనిలేదు. నమూనా ఇలా ఉంటుంది:

కేంద్ర పౌర సమాచార అధికారి గారికి,
సీఎస్‌ఐఆర్ జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, దోనా పావులా, గోవా – 403004.

విషయం: సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.

అయ్యా/అమ్మా,
నేను భారత పౌరుణ్ని. 2009లో పోలార్‌స్టెర్న్ నౌకపై జరిగిన లోహాఫెక్స్ ప్రయోగానికి సంబంధించి కింది రికార్డుల నకళ్లు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.
1. ప్రయోగం కోసం మీ సంస్థకూ, ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థకూ మధ్య కుదిరిన ఒప్పందం.
2. ప్రయోగానికి ముందు జరిగిన పర్యావరణ ప్రభావ అంచనా.
3. మీ సంస్థ, సీఎస్‌ఐఆర్ పెట్టిన ఖర్చు, పద్దులవారీగా.
4. ప్రయోగం పూర్తయ్యాక సీఎస్‌ఐఆర్‌కు సమర్పించిన నివేదిక.
5. పై రికార్డుల్లో ఏవైనా నాశనం చేసి ఉంటే, ఆ ఉత్తర్వు, రికార్డుల భద్రత కాలవ్యవధి పట్టిక.
రుసుము కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ నంబరు ...... జతచేశాను.

కింద పేరు, పూర్తి చిరునామా, తేదీ, సంతకం. ఎందుకు అడుగుతున్నారో రాయక్కర్లేదు, వాళ్లు అడగకూడదు కూడా (సెక్షన్ 6(2)). ఐదో ప్రశ్నను మాత్రం వదలకండి. ఏళ్లు గడిచిన ఫైళ్లకు ‘రికార్డు అందుబాటులో లేదు’ అనే జవాబు సులువు. నాశనం చేసిన ఉత్తర్వు చూపించమన్నప్పుడు నిజంగా వెతుకుతారు.

దరఖాస్తు 500 పదాలు మించకుండా చూసుకోండి. మించితే ఆ ఒక్క కారణంతో తిరస్కరించకూడదని 2012 నిబంధనలే చెబుతున్నాయి గానీ, పొట్టిగా రాస్తేనే పని త్వరగా అవుతుంది. సంఘం పేరుతో కాకుండా ఒక వ్యక్తి పేరుతో పెట్టండి, ఎందుకంటే హక్కు పౌరుడిది.

తెలుగులో రాయవచ్చా అని అందరూ అడుగుతారు. నిశ్చింతగా రాయవచ్చు. ఇంగ్లిషు, హిందీ, లేదా దరఖాస్తు చేసే ప్రాంతపు అధికార భాష, ఈ మూడింటిలో ఏదైనా సరేనని సెక్షన్ 6(1)లోనే ఉంది. గోవా కార్యాలయానికైనా తిరుపతి నుంచి పెడుతున్నారు కాబట్టి తెలుగు చెల్లుతుంది. త్వరగా పని కావాలనుకుంటే కింద ఇంగ్లిషు అనువాదం జతచేయడం నా సలహా. అది మీ వీలు, నిబంధన కాదు.

రుసుము, పంపే పద్ధతి

మన వైపు ఎక్కువగా కనిపించే చిక్కు కోర్టు ఫీజు స్టాంపుతో వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు స్టాంపు అంటించే అలవాటుతో కేంద్ర సంస్థలకూ అదే అంటిస్తారు. కేంద్ర నిబంధనల్లో స్టాంపు లేదు. నగదు (రసీదు తీసుకుని), డిమాండ్ డ్రాఫ్టు, బ్యాంకర్స్ చెక్, ఇండియన్ పోస్టల్ ఆర్డర్, ఆన్‌లైన్ చెల్లింపు మాత్రమే చెల్లుతాయి.

పోస్టల్ ఆర్డర్ సులువు. పోస్టాఫీసులో 10 రూపాయలది అడగండి, పైన కొద్దిగా కమీషన్ తీసుకుంటారు. ‘ఎవరికి’ అన్నచోట ‘అకౌంట్స్ ఆఫీసర్’ అని, పక్కన ఆ సంస్థ పేరు రాయండి. ఆ గడిని ఖాళీగా వదలకండి. ఆర్డర్ మీది నంబరును దరఖాస్తులో రాసుకుని, రెండింటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి రసీదు దాచుకోండి. జవాబివ్వాల్సిన 30 రోజుల గడువు లెక్క దరఖాస్తు అక్కడ అందిన తేదీ నుంచి మొదలవుతుంది, ఆ తేదీ ట్రాకింగ్‌లో కనిపిస్తుంది.

గోవా దాకా పంపడం ఎందుకనుకుంటే, కేంద్ర శాఖల దరఖాస్తులు తీసుకునే ఏర్పాటు ఎంపికచేసిన పోస్టాఫీసుల్లో ఉంది. హెడ్ పోస్టాఫీసులో సమాచార హక్కు కౌంటరు ఎక్కడో అడగండి. ఈ దారిలో గడువుకు మరో 5 రోజులు కలుస్తాయి.

ఆన్‌లైన్ అయితే కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ పోర్టల్‌లో శాఖను, దాని కింద సంస్థను ఎంచుకుని, కార్డుతో గానీ యూపీఐతో గానీ 10 రూపాయలు కట్టాలి. అక్కడి గడిలో 3,000 అక్షరాల దాకానే పడుతుంది, అదీ ఇంగ్లిషు అక్షరాలే. తెలుగు దరఖాస్తును పీడీఎఫ్‌గా జతచేయండి. చివర్లో వచ్చే రిజిస్ట్రేషన్ నంబరు రాసిపెట్టుకోండి, అప్పీలుకు అదే కావాలి. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు, ధ్రువపత్రం నకలు జతచేస్తే చాలు.

రాష్ట్ర శాఖల లెక్క వేరు. పులికాట్ గురించి గ్రామ స్థాయి కార్యాలయంలో అడిగితే రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

జవాబు వచ్చాక, రాకపోయినా

నకళ్లకు పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమని లేఖ వస్తే వెంటనే కట్టండి. ఆ లేఖ పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు ఉన్న కాలాన్ని 30 రోజుల్లో లెక్కించరు. గడువు దాటాక ఇస్తే మాత్రం ఉచితంగానే ఇవ్వాలి (సెక్షన్ 7(6)).

ఇది వేరే దేశంతో కలిసి చేసిన ప్రయోగం కనుక తిరస్కరణ వస్తే రెండు కారణాలు చూపే అవకాశం ఉంది. ఒకటి సెక్షన్ 8(1)(ఎఫ్), విదేశీ ప్రభుత్వం గోప్యంగా ఇచ్చిన సమాచారం. రెండోది 8(1)(ఎ), దేశ శాస్త్రీయ ప్రయోజనాలకు, విదేశాలతో సంబంధాలకు హాని. ఊరికే సెక్షన్ నంబరు వేసి వదిలేస్తే ఒప్పుకోకండి. ఆ మినహాయింపు ఈ కాగితానికి ఎలా వర్తిస్తుందో రాయాల్సిన బాధ్యత వాళ్లదే. కొంత భాగమే గోప్యమైతే దాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతోంది. అప్పీలులో ఈ మాటనే పట్టుకోండి. ప్రయోగ ఫలితాలు శాస్త్ర పత్రికల్లో ఇప్పటికే బయటికొచ్చాయి కనుక మీ వాదనకు బలం ఉంది.

మొదటి అప్పీలు అదే సంస్థలోని పై అధికారికి, జవాబు అందిన రోజు నుంచి లేదా గడువు ముగిసిన రోజు నుంచి 30 రోజుల్లో పెట్టాలి. రుసుము లేదు. 30 రోజుల్లో, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పెట్టవచ్చు, దానికీ రుసుము లేదు. దరఖాస్తు, జవాబు, మొదటి అప్పీలు, దానిపై వచ్చిన ఉత్తర్వు, వీటి నకళ్లపై మీరే సంతకం చేసి, పేజీల పట్టికతో పంపాలి. ప్రతివాదికి, అంటే మీరు సమాచారం అడిగిన సంస్థకు, ఒక ప్రతి పంపినట్టు రుజువు కూడా ఉండాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.

విచారణకు ఢిల్లీ వెళ్లాలేమోనని రెండో అప్పీలు మానుకునేవాళ్లు ఎక్కువ. వీడియో ద్వారా విచారణ జరుగుతుంది. మీ జిల్లా కేంద్రంలోని ఎన్‌ఐసీ (జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం) గదికి ఎన్ని గంటలకు రావాలో నోటీసులో ఉంటుంది. ఆ రోజు పోస్టల్ రసీదులు, తేదీలు వరుసగా రాసుకున్న ఒక కాగితం చేతిలో ఉంచుకోండి, కమిషనర్ ముందుగా అడిగేది తేదీలే.