కీమో తర్వాత విరేచనాలు: మాత్రకు ముందు రోజు లెక్క, థర్మామీటరు

కీమో వేయించుకున్న మనిషికి విరేచనాలు మొదలైతే ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది "ఏ మాత్ర వేయమంటారు సిస్టర్?" అనే. నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: మందు ఎక్కించిన రోజు నుంచి ఇది ఎన్నో రోజు? గుంటూరులో డే కేర్ వార్డులో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు చాలా తక్కువ. ఎన్నో రోజు అన్నదాన్ని బట్టి కారణం మారుతుంది, కారణాన్ని బట్టి మందు మారుతుంది. కేలండర్‌లో కీమో తేదీ చుట్టూ సున్నా చుట్టి, దాన్ని ఒకటో రోజుగా లెక్కపెట్టండి. దయచేసి ఈ పని ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే చేయండి.

ఓఆర్‌ఎస్ కలపడం, నీళ్లు కాచి చల్లార్చడం, కారం, పచ్చళ్లు ఆపడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి, పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. అట్టడబ్బాల్లో అమ్మే తీపి పానీయాల్లో చక్కెర ఎక్కువ, అది పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది. విజయవాడ మే నెల ఎండలో ఈ తేడా ఒక్క పూటలోనే మనిషి మీద కనిపిస్తుంది.

మందు ఎక్కిన రోజే విరేచనాలు, చెమటలు, కళ్లలో నీళ్లు

ఇది ఎక్కువగా ఇరినోటెకాన్ అనే కీమో మందు పని. పేగులను కదిలించే నరాల సంకేతాన్ని ఆ మందు పెంచేస్తుంది. నోట్లో లాలాజలం ఊరుతుంది, కడుపు మెలిపెడుతుంది. పేగు దెబ్బతినడం ఇంకా మొదలే కాలేదు. అట్రోపిన్ ఇంజెక్షన్‌తో తగ్గుతుంది కాబట్టి వార్డులో ఉండగానే చెప్పండి. బస్సెక్కేదాకా ఓర్చుకోవద్దు.

మూడో రోజు తర్వాత నీళ్ల విరేచనాలు, జ్వరం లేదు, రక్తం లేదు

అందరికీ తెలిసిన కీమో విరేచనాలు ఇవే. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. ఆ పొరలోని సన్నని గుంటల అడుగున మూలకణాలు ఉంటాయి. పేగుకు అదే నారుమడి. కీమో కాల్చేది నారుమడిని. పైన ఉన్న పైరు ఇంకో రెండు మూడు రోజులు నిలబడి, ఆ తర్వాత పొలం ఖాళీ అవుతుంది. మందు ఎక్కిన రోజు బాగానే ఉన్న మనిషి తర్వాత ఎందుకు పడిపోయాడో ఇప్పుడు అర్థమవుతుంది.

అయితే నష్టమంతా మందు ఒక్కటే చేయదు. చచ్చిన కణాల నుంచి డీఎన్‌ఏ ముక్కలు, ఇతర పదార్థాలు బయటపడతాయి. పొర పలచబడిన చోట బాక్టీరియా అంశాలు లోపలికి జారుతాయి. వీటిని పసిగట్టే టోల్ గ్రాహకాలు రోగనిరోధక కణాల మీదా, పేగు కణాల మీదా ఉంటాయి. అవి మేల్కొంటే కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే స్విచ్ పడుతుంది. దాంతో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేతాలు వెలువడతాయి. ఆ సంకేతాలు పక్క కణాలనూ దెబ్బతీస్తాయి, అవి మళ్లీ సంకేతాలు పంపుతాయి. మందు రక్తం నుంచి వెళ్లిపోయాక కూడా పుండు పెరుగుతూ పోవడానికి కారణం ఈ గొలుసే.

ఇరినోటెకాన్‌కు ఇంకో మెలిక ఉంది. దాని చురుకైన రూపం ఎస్‌ఎన్-38ని కాలేయం కట్టడి చేసి పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. అక్కడి బాక్టీరియా బీటా-గ్లూక్యురోనిడేజ్ అనే ఎంజైముతో ఆ కట్టు విప్పేస్తుంది. మందు పేగులో రెండోసారి ప్రాణం పోసుకుంటుంది.

"ఈ వాపును స్టెరాయిడ్‌తో ఆపేయవచ్చు కదా" అని కాస్త చదువుకున్న కొడుకులు, కూతుళ్లు అడుగుతారు. ఎలుకల్లో ఇంటర్‌ల్యూకిన్-1 సంకేతాన్ని అడ్డుకుంటే దెబ్బ తగ్గిన మాట నిజమే. కానీ పొర మళ్లీ కట్టుకోవడానికీ, లోపలికి జారిన బాక్టీరియాను ఆపడానికీ రోగనిరోధక సంకేతాలు కావాలి. మీ అంతట మీరు స్టెరాయిడ్ వేయడమంటే ఆ కాపలాను కూడా తీసేయడమే.

పరిష్కారం విరేచనాలు ఆపే మాత్ర లోపెరమైడ్. మామూలుగా మొదట 4 మిల్లీగ్రాములు, తర్వాత 4 గంటలకొకసారి గానీ ప్రతి విరేచనం తర్వాత గానీ 2 మిల్లీగ్రాములు. ఇరినోటెకాన్ అయితే 2 గంటలకొకసారి కూడా రాస్తారు. మీ కాగితంలో ఎలా ఉంటే అలాగే వాడండి. 24 గంటల్లో ఆగకపోతే ఆసుపత్రికి రావాలి. పాలు కొన్నాళ్లు మానేయాలి. పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, అరిగించే ఎంజైము ఆ పొర మీదే ఉండేది, ఇప్పుడు ఆ పొరే లేదు.

కేపసిటబీన్ అనే కీమో మాత్రలు ఇంట్లో మింగేవాళ్లకు విరేచనాలు ఎక్కువైతే ముందు ఆ మాత్ర ఆపి, డాక్టరుకు ఫోన్ చేయాలి. "కోర్సు మధ్యలో ఆపకూడదు కదా" అని ఏడుస్తూనే మింగినవాళ్లను చూశాను. అది యాంటీబయాటిక్‌కు చెప్పే మాట, దీనికి వర్తించదు.

ఏడు నుంచి పద్నాలుగో రోజు మధ్య విరేచనాలు, కడుపునొప్పి, "జ్వరం లేదు"

ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. నిదానంగా చదవండి.

ఈ రోజుల్లో తెల్ల కణాలు అట్టడుగుకు చేరతాయి. వాటిలో బాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే పొర లేని పేగు నుంచి బాక్టీరియా గోడలోకీ, అక్కడి నుంచి రక్తంలోకీ దిగుతుంది. ఎక్కువగా దెబ్బతినేది కుడివైపు కింద, పెద్దపేగు మొదలయ్యే చోటు. దీన్ని న్యూట్రోపెనిక్ ఎంటెరోకొలైటిస్ అంటారు. ప్రాణం మీదికి వచ్చే జబ్బు. దీనికి లోపెరమైడ్ వేస్తే విరేచనం ఆగుతుంది, బాక్టీరియా లోపలే నిలిచిపోతుంది, కడుపు ఉబ్బుతుంది.

జ్వరం ఉంటే ఎవరైనా పరుగెత్తుకొస్తారు. ప్రమాదమంతా జ్వరం కనిపించకుండా పోవడంలోనే ఉంది. జ్వరం కూడా రోగనిరోధక సంకేతమే. ఆ ఇంటర్‌ల్యూకిన్లు మెదడులో ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని పుట్టిస్తే ఒళ్లు వేడెక్కుతుంది. పారాసిటమాల్ ఆ చివరి మెట్టును ఆపేస్తుంది. లింఫోమా, లుకేమియా, మైలోమా లాంటి రక్త కేన్సర్ల చికిత్సల్లో రోజుల తరబడి ఇచ్చే స్టెరాయిడ్ పై మెట్టునే ఆపేస్తుంది. ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది, దాని వార్త మాత్రం మనదాకా రాదు. పైగా న్యూట్రోఫిల్స్ లేనిచోట చీము పట్టదు. పొట్ట నొక్కి చూసినా గట్టిగా తగలకపోవచ్చు.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక కోడలు తన అత్తగారిని తొమ్మిదో రోజున తీసుకొచ్చింది. "జ్వరం ఏమీ లేదండి, మోషన్స్ ఒక్కటే" అంది. థర్మామీటరులో 98.8 ఉంది. కానీ చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది, నాడి 130 కొడుతోంది. చేతిసంచీలో ఏమేం మాత్రలు ఉన్నాయో తీయమన్నాను. పారాసిటమాల్ 650 షీటు ఒకటి ఖాళీ, రెండోది సగం. తెల్ల కణాలు పెరగడానికి ఇచ్చిన ఇంజెక్షన్ వల్ల నడుము, ఎముకలు లాగుతున్నాయని ఆరు గంటలకొకటి వేస్తున్నారు. జ్వరం కోసం వేయలేదు కాబట్టి ఎవరూ దాని ఊసు ఎత్తలేదు. రక్త పరీక్షలో మొత్తం తెల్ల కణాలు 600 వచ్చాయి. స్కానింగ్‌లో పెద్దపేగు మొదట్లో గోడ వాచి ఉంది. యాంటీబయాటిక్స్, సెలైన్, నోటికి ఏమీ ఇవ్వకుండా పేగుకు విశ్రాంతితో ఆవిడ కోలుకుంది. ఆ రాత్రికి ఇంట్లోనే ఉండి ఉంటే కోలుకునేది కాదు.

కాబట్టి పారాసిటమాల్ వేసే ప్రతిసారీ ముందు థర్మామీటరు పెట్టండి, అంకె కాగితం మీద రాయండి, తర్వాతే మాత్ర. చంకలో చేయి పెట్టి చూడటం పరీక్ష కాదు. 100.4 దాటితే బయలుదేరాలి. అంకె మామూలుగానే ఉన్నా నాడి ఎక్కువగా కొట్టుకోవడం, చలి వణుకు, కుడి పొట్ట కింద నొప్పి, మగత, మూత్రం తగ్గడం వీటిలో ఏది ఉన్నా బయలుదేరాలి. ఆసుపత్రికి చేరేదాకా లోపెరమైడ్ వద్దు, నొప్పి ఇంజెక్షన్ వద్దు, ఎనిమా అసలే వద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్‌లో కీమో వేయించుకుని వచ్చిన విజయవాడ కుటుంబాలు రాత్రిపూట కారు మాట్లాడుకుని మళ్లీ హైదరాబాద్‌కే బయలుదేరుతున్నాయి. దయచేసి అలా చేయకండి. జ్వరంతో పాటు తెల్ల కణాలు తగ్గిన మనిషికి ఆసుపత్రిలో అడుగుపెట్టిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలన్నది ప్రమాణం. ఐదు గంటల ప్రయాణంలో ఆ గంట ఎక్కడుంది? రక్త పరీక్ష, యాంటీబయాటిక్, ఐసీయూ ఉన్న దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి. 108కి ఫోన్ చేయండి. మీ డాక్టరుతో ఫోన్లో దారిలోనే మాట్లాడవచ్చు. క్యాజువాలిటీలో నోరు తెరవగానే చెప్పాల్సింది "విరేచనాలు" అని కాదు. "కీమో వేయించుకున్నారు, ఇది పదో రోజు, పారాసిటమాల్ ఇన్ని గంటలకు వేశాం" అని చెప్పండి. అక్కడి పని తీరే మారిపోతుంది.

వారాలు, నెలల తర్వాత విరేచనాలు, రక్తం, జిగురు

ఎక్కించినది నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటిదైతే అది కీమో కాదు, ఇమ్యునోథెరపీ. టీ కణాలనే రోగనిరోధక కణాల బ్రేకును తీసేసే మందు. బ్రేకు తీసిన టీ కణాలు పేగు మీద కూడా పడవచ్చు, మందు ఆపిన నెలల తర్వాత కూడా. ఇక్కడ స్టెరాయిడే చికిత్స, అదీ డాక్టరు ఇన్ఫెక్షన్ లేదని చూసుకున్నాక. ఇంట్లో అన్నింటినీ కలిపి కీమో అనేస్తారు కాబట్టి మందు పేరు రాసిన కాగితం వెంట తెచ్చుకోండి.

మిగిలినవి

యాంటీబయాటిక్స్ వాడాక మొదలైతే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా కోసం మల పరీక్ష చేయించాలి. నాలుగైదు రోజులు మలబద్ధకం ఉండి, ఉన్నట్టుండి నీళ్లు కారుతుంటే గట్టిపడిన మలం పక్కనుంచి జారుతున్నదేమో చూడమనండి. మార్ఫిన్, ట్రమడాల్, వాంతుల మాత్రలు వాడేవారిలో ఇది కనిపిస్తుంది. మొదటి సైకిల్‌లోనే 5-ఎఫ్‌యూ అనే కీమో మందుకి గానీ కేపసిటబీన్‌కి గానీ నోరంతా పూసి, విరేచనాలు విపరీతమైతే ఆ మందులను ఒంట్లో విరిచే డీపీడీ ఎంజైము లోపం కావచ్చు. అరుదే, కానీ దాని విరుగుడు మందు చివరి డోసు అయిన 96 గంటల్లోపే ఇవ్వాలి కాబట్టి ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. ఇరినోటెకాన్ పడని యూజీటీ1ఏ1 జన్యు తేడా సంగతి తర్వాతి సైకిల్ మోతాదు నిర్ణయించేటప్పుడు డాక్టరు చూసుకుంటారు.