తైషాన్ బండ మీది వజ్రచ్ఛేదిక చూడాలంటే బస్సు ఎక్కకండి

చైనాలోని షాన్‌డోంగ్ ప్రావిన్స్‌లో ఉన్న తైషాన్ కొండకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది రాత్రంతా మెట్లెక్కి, పైన సూర్యోదయం చూసి దిగిపోతారు. లేదంటే బస్సులో సగం దూరం, కేబుల్ కార్‌లో మిగతా సగం వెళ్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ ఆ కొండ మీద నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే జింగ్‌షియూ శాసనం, అంటే బండ మీద చెక్కిన వజ్రచ్ఛేదిక అనే బౌద్ధ సూత్రం, తప్పిపోతుంది, ఎందుకంటే బస్సు దారి వేరే లోయలోంచి పోతుంది, రాత్రి వెళ్తే చీకట్లో పక్కదారి మలుపే కనిపించదు.

అందుకని పగలే నడవండి. బీజింగ్ నుంచి కొండ కింది ఊరు తైఆన్‌కి హైస్పీడ్ రైల్లో సుమారు 2 గంటలు, రైలుకీ కొండకీ టికెట్లు పాస్‌పోర్ట్ మీదే, కాబట్టి అది చేతికి అందేలా పెట్టుకోండి. అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లో మన కార్డు ముందే లింక్ చేసుకుంటే డబ్బుల టెన్షన్ ఉండదు. స్టేషన్‌లో టాక్సీవాళ్లకి 'హోంగ్‌మెన్' అని చెప్పండి, 'తియాన్‌వైత్సున్' అని చెప్తే బస్సులు బయల్దేరే చోట దింపేస్తారు. హోంగ్‌మెన్ నుంచి శిఖరానికి మెట్లు 6,000 పైచిలుకే కానీ శాసనం కోసం అన్నీ ఎక్కక్కర్లేదు. దౌముగోంగ్ అనే గుడి దాటాక కుడివైపు, అంటే తూర్పుకి, బోర్డు ఉంటుంది. అక్కడి నుంచి కాస్త నడిస్తే వాగు పక్కన ఏటవాలుగా పరుచుకున్న పెద్ద రాతి చట్టు వస్తుంది.

ఆ చట్టే పుస్తకం. ఉత్తర చీ రాజ్యకాలంలో, అంటే క్రీ.శ. 6వ శతాబ్దంలో, వజ్రచ్ఛేదికా ప్రజ్ఞాపారమిత సూత్రాన్ని దాని మీద చెక్కారు, ఒక్కో అక్షరం సుమారు 50 సెంటీమీటర్లు. కుమారజీవుడనే బౌద్ధ భిక్షువు సంస్కృతం నుంచి 5వ శతాబ్దం మొదట్లో చేసిన అనువాదం ఇది. చెక్కించినవాళ్ల పేరు శాసనంలో లేదు, పని కూడా పూర్తి కాలేదు, కొన్ని అక్షరాలకి అంచుల గీతలు మాత్రమే గీసి వదిలేశారు. దగ్గరికి వంగి చూస్తే గీత ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. శతాబ్దాల పాటు నీళ్లు పారి చాలా అక్షరాలు అరిగిపోయాయి, ఇప్పుడు వెయ్యి పైచిలుకు మిగిలాయి.

చైనీస్ రాకపోయినా పర్వాలేదు. 'బుద్ధుడు' అని రాసే అక్షరం ఒకటి, ఈ సూత్రంలో బుద్ధుడితో సంభాషించే శిష్యుడు సుభూతి పేరు రాసే మూడు అక్షరాలు ఫోన్‌లో ఫొటోలుగా పెట్టుకుని వెళ్లండి. సూత్రంలో సుభూతి పేరు అడుగడుగునా వస్తుంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. వరుసలు పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకి చదవాలి. మన పేరే అనిపించే ఆ పేరు అంత దూరాన బండ మీద దొరికినప్పటి సంతోషం నేను మాటల్లో చెప్పలేను.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గీతలన్నీ చదునుగా కనిపిస్తాయి, పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుతురు పడితే గాడులు తేలతాయి, ఫొటోలు కూడా అప్పుడే బాగా వస్తాయి. వాన పడిన మర్నాడు రాయి బాగా జారుతుంది. దయచేసి చట్టు మీదికి దిగకండి, సిరా ప్రతి తియ్యాలని కాగితం అద్దకండి, స్పష్టంగా కనిపిస్తుందని నీళ్లు పొయ్యకండి. అరిగినంత అరిగింది చాలు.

ఇక్కడ గంట గడిపాక కూడా ఓపిక ఉంటే కొండ సగం ఎత్తులో ఉన్న ఝోంగ్‌తియాన్‌మెన్ దాకా ఎక్కి, అక్కడ కేబుల్ కార్ పట్టుకోండి. పైన దాగ్వాన్ శిఖరం దగ్గర థాంగ్ చక్రవర్తి శ్వాన్‌జోంగ్ 726లో చెక్కించిన శాసనం ఉంది, 13 మీటర్ల ఎత్తు, అక్షరాలకి బంగారు పూత. జనం అంతా దాని ముందే ఫొటోలు దిగుతారు. చూడదగ్గదే, కాకపోతే అది రాజు తన గురించి, తన పూజ గురించి చెప్పుకున్న మాట, నాకు మాత్రం కింద వాగు పక్కన పేరు చెప్పుకోకుండా చెక్కినదే ఎక్కువ.

మే మొదటి రోజులూ, అక్టోబర్ 1 నుంచి వారం రోజులూ వెళ్లకండి, మెట్ల మీద అడుగు పడదు. కొండ కింద ఊళ్లోనే దాయ్ మియావో గుడి ఉంది, చిన్ రాజవంశం (క్రీ.పూ. 3వ శతాబ్దం) కాలపు శాసనంలో మిగిలిన 10 అక్షరాల రాతిముక్కలు అక్కడే భద్రపరిచారు. కొండ దిగేసరికి కాళ్లు మాట వినవు కాబట్టి దాన్ని ముందు రోజు సాయంత్రం గుడి మూసేలోపే చూసేయండి.