బొమ్మలో, పురుగులో, భవనంలో సూపర్‌హీరోను ఫొటో తీయడం ఎలా?

మా ఇంట్లో షోకేసులో ఒక కొండపల్లి బొమ్మ ఉంది. తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు. ఏళ్ల తరబడి నేను దాన్ని నిలబడే చూశాను, అందుకే అది చిన్న బొమ్మలాగే కనిపించేది. ఒకరోజు దుమ్ము తుడవడానికి కిందికి దించాను. నేల మీద పెట్టి, నేనూ బోర్లా పడుకుని ఫోన్‌తో కింది నుంచి ఫొటో తీశాను. స్క్రీన్ మీద ఆకాశంలోకి లేచిన ఒక నిలువు గోడ, దాన్ని ఉత్త చేతులతో ఎక్కుతున్న మనిషి కనిపించారు. బొమ్మ అదే. మారింది నేను చూసిన ఎత్తు.

ఆ రోజు నుంచి ఆటబొమ్మల్లో, పురుగుల్లో, కట్టడాల్లో సూపర్‌హీరోలను వెతుకుతున్నాను. పెద్ద కెమెరా అవసరం లేదు, మామూలు ఫోన్‌తో మొదలుపెట్టవచ్చు. నేను నేర్చుకున్న పద్ధతిని వరుసగా చెబుతాను.

1. ముందు ఆకారాన్ని పట్టుకోండి

సూపర్‌హీరో అనగానే డ్రెస్సు, రంగులు గుర్తొస్తాయి. ఫొటోలో మాత్రం ముందుగా పని చేసేది బయటి గీత. సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టినప్పుడు కామిక్స్‌ను చవక కాగితం మీద, కొద్దిపాటి రంగులతో అచ్చువేసేవారు. అలాంటి అచ్చులో దూరం నుంచి చూసినా ఫలానా హీరో అని తెలియాలంటే ఆకారమే గట్టిగా ఉండాలి. ఎగిరే కేప్, తల మీద రెండు కొమ్ములు, విశాలమైన భుజాలు అందుకు పనికొచ్చాయి. మనకు ఇది కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో హనుమంతుడు తెర మీదికి రాగానే తోక చూసి పిల్లలు గుర్తుపడతారు.

కాబట్టి కెమెరా తీసే ముందు కళ్లు సగం మూసి చూడండి. వివరాలు చెదిరిపోయి ఆకారం ఒక్కటే మిగులుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిన భంగిమ, ఒక మోకాలు నేలకు ఆనించి దిగిన భంగిమ, ముందుకు చాచిన చెయ్యి, వీపు వెనక పరుచుకున్న రెక్క, మాస్కులాంటి ముఖం, సూటిగా చూసే రెండు కళ్లు. వీటిలో ఒక్కటి దొరికినా ఫొటోకు చాలు.

2. బొమ్మలతో మొదలుపెట్టండి

బొమ్మ కదలదు, విసుక్కోదు. వెలుగు గురించి, కోణం గురించి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి గురువు లేదు. షాపుల్లో దొరికే అరడుగు యాక్షన్ బొమ్మలు సరే, ఇంట్లో ఉన్న చెక్క బొమ్మలను కూడా వదలకండి. తేలికైన పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మల్లో చేతిపని గీతలు దగ్గరగా తీస్తే ఎంతో బాగుంటాయి. అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు లక్క మెరుపు ఉంటుంది. వాటి గుండ్రని తలలు, నున్నటి ఒళ్లు నాకు హెల్మెట్ పెట్టుకున్న వీరుల్లా కనిపిస్తాయి.

ఫోన్‌ను తలకిందులుగా పట్టుకోండి. అప్పుడు లెన్స్ కిందికి వస్తుంది, దాదాపు నేలను తాకుతుంది. బొమ్మ మోకాలి ఎత్తులో లెన్స్ ఉంచి కొంచెం పైకి చూపిస్తే బొమ్మ మన మీద నిలబడినట్టు ఉంటుంది. మొత్తం పద్ధతిలో ముఖ్యమైనది ఇదే. బొమ్మ కంటే పైనుంచి తీసినంతసేపూ ఎంత ఖరీదైన కెమెరా వాడినా అది ఆటవస్తువుగానే కనిపిస్తుంది.

తర్వాత వెలుగు. గదిలో లైట్లన్నీ ఆపేసి, ఒక టార్చిని బొమ్మ వెనక, కాస్త పక్కగా పెట్టండి. అంచుల వెంట సన్నని వెలుగు గీత వస్తుంది, ముందు భాగం చీకటిగా ఉంటుంది. ముఖం కనిపించాలంటే ముందు ఒక తెల్ల కాగితం పెట్టండి, వెనక వెలుగు దాని మీద పడి ముఖం మీదికి తిరిగొస్తుంది. లక్క బొమ్మలకు మాత్రం నేరుగా టార్చి వేస్తే తెల్లటి మచ్చలు పడతాయి. కిటికీకి అడ్డంగా పల్చటి తెల్ల పంచె కట్టి, ఆ మెత్తటి వెలుగులో తీయండి.

పొగ కావాలంటే బొమ్మ వెనక ఒక అగరొత్తి వెలిగించి, ఫ్యాన్ ఆపండి. టార్చి వెలుగు వెనక నుంచి పడితేనే పొగ కనిపిస్తుంది, ముందు నుంచి వేస్తే మాయమవుతుంది. హీరో నేల మీదికి దూకి దుమ్ము లేపినట్టు రావాలంటే కాళ్ల దగ్గర చిటికెడు పిండి పోసి, పక్క నుంచి స్ట్రాతో ఊదుతూ బర్స్ట్ మోడ్‌లో వరుసగా తీయండి. ఇరవై ఫొటోల్లో ఒకటి పనికొస్తుంది, అది మామూలే. పిండి ఎగురుతున్నప్పుడు అగరొత్తి, దీపం లాంటివి దగ్గర ఉంచకండి. పిండికి మంట అంటుకుంటుంది.

ఎగిరే ఫొటోకు బొమ్మను సన్నటి దారంతో వేలాడదీసి, తర్వాత ఆ దారాన్ని స్నాప్‌సీడ్ యాప్‌లోని హీలింగ్‌తో చెరిపేయవచ్చు. కేప్ గాలిలో తేలినట్టు ఉండాలంటే గుడ్డ అంచులో సన్నని రాగి తీగ కుట్టి, కావలసినట్టు వంచండి. నిలబెట్టే బొమ్మలకు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. బరువు రెండు కాళ్ల మీద సమానంగా పడేలా పెడితే కొయ్యబారినట్టు ఉంటుంది. నడుము ఒక పక్కకు కొద్దిగా తిప్పి, బరువు ఒక కాలి మీదికి మార్చండి, ప్రాణం వస్తుంది.

3. పురుగుల దగ్గరికి వెళ్లండి

ఇక్కడ మనం పెట్టిన పోజు ఉండదు, దొరికిన పోజే. నాకు ఈ హాబీలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

తెల్లవారుజామున వెళ్లండి. రాత్రి చల్లదనానికి పురుగుల ఒళ్లు ఇంకా వేడెక్కి ఉండదు కాబట్టి నెమ్మదిగా కదులుతాయి, రెక్కల మీద మంచు బిందువులు కూడా ఉంటాయి. ఎండెక్కితే ఒక్కటీ దొరకదు. ఫోన్‌లో మాక్రో మోడ్ ఉంటే రెండు మూడు సెంటీమీటర్ల దూరానికి వెళ్లవచ్చు. లేకపోతే క్లిప్‌లా తగిలించే మాక్రో లెన్స్ తీసుకోండి. పెద్ద కెమెరా వాడేవారు ఎపర్చర్‌ను (లెన్స్ రంధ్రాన్ని) ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర పెట్టుకోవాలి. అంత దగ్గరగా తీసేటప్పుడు ఫోకస్‌లో ఉండే భాగం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాన్ని కళ్ల మీద పడేలా చూడండి. మిగతాది మసకబారినా ఫర్వాలేదు.

ఎవరిని వెతకాలి? ముందుగా గొల్లభామ (ప్రేయింగ్ మాంటిస్). ముందుకాళ్లు మడిచి, తల తిప్పి మనల్నే చూస్తుంది. దాని కళ్లలో ఒక నల్ల చుక్క మనం ఎటు కదిలితే అటు తిరిగినట్టు అనిపిస్తుంది. అది నిజమైన కంటిపాప కాదు. మనకు ఎదురుగా ఉన్న కంటి గదులు వెలుగును మింగేయడం వల్ల ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. ఎదురుగా, అదే ఎత్తులో తీస్తే మాస్కు వేసుకున్న యోధుడే.

తూనీగ ఎగిరిపోతే నిరాశపడకండి. చాలా రకాలు కాసేపట్లో అదే పుల్ల మీదికి తిరిగి వస్తాయి. పుల్ల మీద ముందే ఫోకస్ లాక్ చేసి, కదలకుండా కూర్చోండి. రెక్కలు కదులుతుంటే షట్టర్ 1/500 సెకను కంటే వేగంగా ఉండాలి.

కొబ్బరి రైతులకు కొమ్ము పురుగు పెద్ద తలనొప్పి, ఫొటోగ్రాఫర్‌కు మాత్రం కవచం తొడుక్కున్న మల్లుడు. పక్క నుంచి, వెనక వెలుగుతో తీస్తే ఆ కొమ్ము అంచు మెరుస్తుంది. పేడ పురుగుల్లో ఒక జాతి తన బరువుకు వెయ్యి రెట్లకు పైగా లాగగలదని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. పేడ ఉండను తోస్తున్న పురుగును నేల మట్టం నుంచి తీయండి, ఉండ ఒక బండరాయిలా వస్తుంది. జీడిమామిడి తోటల్లో ఎర్రటి, పసుపు వీపు మీద నల్ల మచ్చలున్న నల్లి జాతి పురుగు ఒకటి కనిపిస్తుంది. తీసిన ఫొటోను తలకిందులుగా తిప్పి చూడండి, వీపు మీద జుట్టుతో సహా మనిషి ముఖం ఉంటుంది.

ఆరుద్ర పురుగు గురించి చెప్పకుండా ఉండలేను. జూన్ చివర్లో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి వాన పడిన మర్నాడు ఈ పురుగు ఇసుక నేలల్లో ఎర్ర వెల్వెట్ కప్పుకుని బయటికి వస్తుంది. ఎనిమిది కాళ్లు ఉంటాయి కాబట్టి అది లెక్క ప్రకారం కీటకం కాదు, సాలీడుకు చుట్టం. కాని అంత ఎర్రటి కేప్ ఇంకెవరికీ లేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫోన్ కెమెరా ఆ ఎరుపును తట్టుకోలేక మొత్తం ఒకే రంగు ముద్దగా చూపిస్తుంది, వెల్వెట్ నూగు కనిపించదు. పురుగు మీద వేలు నొక్కి పట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. ఫొటో కాస్త చీకటిగా వచ్చినా నూగు ఒక్కో పోగూ తెలుస్తుంది.

కదలకుండా ఉండాలని పురుగులను ఫ్రిజ్‌లో పెట్టేవారు, కొమ్మకు జిగురుతో అంటించేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆరుద్ర పురుగులను డబ్బాలో వేసి ఇంటికి తీసుకెళ్లకండి. వాటిని చూడడానికి మనమే వాటి దగ్గరికి వెళ్లాం, అవి మన దగ్గరికి రాలేదు.

4. ఇప్పుడు తల పైకెత్తండి

బొమ్మల దగ్గర కెమెరాను కిందికి దించి నేర్చుకున్న కోణం, కట్టడాల దగ్గర మనకు ఉచితంగా దొరుకుతుంది. ఎలాగూ మనం వాటి కాళ్ల దగ్గరే ఉంటాం.

ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి వెళితే, చూరు కింద నల్లరాతి మదనికలను (స్త్రీ శిల్పాలను) చూడండి. అవి గోడకు ఆనుకుని నిలువుగా ఉండవు. స్తంభం నుంచి చూరు దాకా ఏటవాలుగా, ముందుకు వాలి ఉంటాయి. సరిగ్గా కింద నిలబడి పైకి తీస్తే గాలిలోకి దూకబోతున్న వీరనారులే. ఉదయం ఏటవాలు ఎండలో వెళ్లండి. మిట్ట మధ్యాహ్నం చూరు నీడలో నలుపు మీద నలుపు తప్ప ఏమీ రాదు.

చార్మినార్ దగ్గర అందరూ దూరం నుంచి నాలుగు మినార్లూ వచ్చేలా తీస్తారు. మీరు ఒక్క మినార్ మొదట్లో నిలబడి నేరుగా పైకి తీయండి. పైకి పోయేకొద్దీ సన్నబడి, కేప్ వేసుకున్న మనిషి భుజంలా కనిపిస్తుంది. ఇలాంటి రక్షిత కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కు అనుమతి కావాలి, చేతితోనే తీసుకోండి.

నీడబొమ్మ కావాలంటే హుస్సేన్ సాగర్ బుద్ధుడు. ట్యాంక్‌బండ్ సరస్సుకు తూర్పున ఉంటుంది కాబట్టి, సాయంత్రం అక్కడ నిలబడితే సూర్యుడు విగ్రహం వెనక వైపు దిగుతాడు. ఆకాశం మీద వేలు నొక్కి వెలుగు తగ్గించండి. వివరాలన్నీ పోయి, నగరాన్ని కాపలా కాస్తున్న ఒక్క ఆకారం మిగులుతుంది. 2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తీగలను రాత్రి దీపాల్లో తీస్తే సాలెగూడు దొరుకుతుంది. చెరువు గట్టు వైపు నుంచి తీయండి, వాహనాలు తిరిగే చోట నిలబడవద్దు.

కొత్త ఆఫీసు భవనాల అద్దాల్లో కూడా ముఖాలు కనిపిస్తాయి. కాని ముందు గేటు దగ్గర అడగండి. ఒకసారి ఒక ఆఫీసు ముందు అడగకుండా తీసినందుకు, అక్కడి సెక్యూరిటీ నా చేత ఆ రోజు ఫొటోలన్నీ తీసేయించారు. మంచి వెలుగున్న సాయంత్రం పోయిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

5. ఎడిటింగ్ తక్కువ చేయండి

నీడలను ఇంకొంచెం ముదురు చేయడం, ఫ్రేమును నిలువుగా కత్తిరించడం, అడ్డొచ్చిన దారాన్ని చెరపడం చాలు. మెరుపులు, మంటలు యాప్‌లో అతికించకండి. పురుగు ఫొటోలకైతే అసలే వద్దు.

6. చివరగా, చిన్నదాన్నీ పెద్దదాన్నీ ఒకే ఫ్రేములో పెట్టండి

దీనికి లెక్క చాలా సులువు. ఎత్తుకూ దూరానికీ ఉన్న నిష్పత్తి సమానమైతే రెండూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. అరడుగు బొమ్మను లెన్స్‌కు అడుగు దూరంలో పెట్టారనుకోండి. అంతస్తుకు పదడుగుల చొప్పున పాతిక అంతస్తుల అపార్ట్‌మెంట్ 250 అడుగులు. దానికి 500 అడుగుల దూరంలో మీరుంటే బొమ్మ, భవనం సరిసమానంగా వస్తాయి. బొమ్మతో సహా ఇంకా వెనక్కి జరిగితే బొమ్మే పెద్దది. ఫోన్‌లో వైడ్ లెన్స్ వాడి, బొమ్మ మీద ఫోకస్ లాక్ చేయండి. భవనం కొంచెం మసకగా ఉన్నా ఆకారం తెలిస్తే చాలు.

నేను కొండపల్లి బొమ్మను మా డాబా పిట్టగోడ మీద పెట్టి, తాటిచెట్టు మాను అంచును దూరంగా ఉన్న అపార్ట్‌మెంట్ అంచుతో కలిపాను. వేలెడంత అటూ ఇటూ జరుపుతూ గంటసేపు పట్టింది. సూర్యుడు దిగిపోయే ముందు రెండు అంచులూ కలిసిపోయాయి. ఫొటోలో ఇప్పుడు చెట్టు లేదు. నడుముకు ముస్తాదు కట్టుకున్న గీత కార్మికుడు పాతిక అంతస్తుల గోడను ఎక్కుతున్నాడు.