ఫ్యాక్టరీ కాలువలో చేపలు మళ్లీ ఎదురెక్కాలంటే

మా నాన్న చిత్తూరు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ కాలువకు లస్కరుగా, అంటే కాలువ చూసుకునే కాపలాదారుగా పనిచేశారు. నీవా నదిలో కలిసే ఒక వంకకు అడ్డంగా చిన్న ఆనకట్ట, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి రెండు కిలోమీటర్ల కాలువ, మిగిలిన నీళ్లు మా ఊరి చెరువుకు. కొత్తనీరు చెరువులో దిగిన రాత్రే పక్కెలు, పరిగెలు, మార్పులు అనే చేపలు కాలువ వెంట వంకలోకి ఎదురెక్కేవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ కాలువను పట్టించుకునేవాళ్లు లేరు. డ్రాపు (కాలువలో నీళ్లు కిందికి దూకే గోడ) కింద గుంటలో చిక్కుకున్న చేపలు ఎండకు చచ్చి తేలడం చూసి తట్టుకోలేక, ఊళ్లో పదిమందిమి కలిసి నాలుగేళ్లు పనిచేశాం. మీ దగ్గరా ఇలాంటి కాలువ ఉంటే మా అనుభవం పనికొస్తుంది.

ముందు కాగితాలు. ఎఫ్‌ఎంబీ అనే సర్వే పుస్తకం చూసి కాలువ హద్దులు తెలుసుకోండి. పంచాయతీ తీర్మానం, జలవనరుల శాఖ అనుమతి లేకుండా షట్టరుగానీ గోడగానీ ముట్టుకోవద్దు. చెట్లు కొట్టే ముందు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సంగతి తహసీల్దారు ఆఫీసులో అడగండి.

తర్వాత నీళ్లు. కాలువలోకి ఇప్పటికీ ఏ ఫ్యాక్టరీ మురుగైనా వస్తుంటే, మిగతా పనులు పక్కన పెట్టి ముందు దాన్ని ఆపించాలి. చక్కెర ఫ్యాక్టరీ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నీళ్లలో విషం లేకపోయినా తీపి ఉంటుంది. ఆ తీపిని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ లాగేస్తాయి. తోతాపురి సీజన్‌లో మరీ జాగ్రత్తగా చూడాలి. అక్వేరియం షాపుల్లో ఆక్సిజన్ టెస్ట్ కిట్ దొరుకుతుంది. దానితో తెల్లవారుజామున చూడండి, ఆక్సిజన్ బాగా తగ్గేది అప్పుడే. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు ఇబ్బంది లేదు. పూడిక నల్లగా కుళ్లు వాసన కొడుతుంటే, పరీక్ష చేయించకుండా పొలాలకు తోలకండి.

మా కాలువకు అసలు జబ్బు ఆ డ్రాపే. మూడడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకే రాతిగోడ. ఇప్పుడొచ్చే సన్నటి నీళ్లలో వేలెడంత పక్కె దాన్ని ఎక్కలేదు. అలాగని గోడ పగలగొడితే పైన కాలువ అడుగు కోసుకుపోతుంది. అందుకే గోడను ఉంచేసి, దాని కింద నుంచి రాళ్లతో వాలు కట్టాలి. అడుగు ఎత్తుకు కనీసం 20 అడుగుల పొడవు కావాలి, అంటే మాకు 60 అడుగులు. మట్టం చూడటానికి మేస్త్రీలు నీళ్లు నింపి వాడే ట్యూబ్ లెవెల్ గొట్టం చాలు. పెద్ద రాళ్లను మూడో వంతు భూమిలో పాతి, అడ్డంగా వరుసలు కట్టండి. వరుసల మధ్య చిన్న మడుగులుండాలి, చేప ఆగి అలుపు తీర్చుకునేది అక్కడే. ఒక మడుగుకూ పై మడుగుకూ నీటిమట్టంలో తేడా నాలుగు వేళ్లు దాటకూడదు. మాకు ఐదడుగులకొకటి చొప్పున పన్నెండు వరుసలు పట్టాయి. ప్రతి వరుసలో ఒక సందు మిగతా రాళ్లకంటే పల్లంగా వదలండి, నీళ్లు తగ్గినా దారి ఎండకుండా ఉంటుంది.

మొదటి ఏడాది మేం రాళ్లు మాత్రమే పేర్చాం. అక్టోబరులో వచ్చిన సన్నటి నీళ్లన్నీ రాళ్ల సందుల్లోంచి కిందికి దిగిపోయాయి. పైన రాళ్లు తడిశాయి, అంతే. చేపలు అడుగునే ఆగిపోతే, ఆ రాత్రి బకెట్లతో పైకి మోశాం. మరుసటి వేసవిలో అన్నీ ఊడదీసి, రాళ్ల మధ్య కంకర, ఇసుక, బంకమట్టి కలిపి నింపి, నీళ్లు పోస్తూ దిమ్మిస కొట్టాం. పోసిన నీళ్లు పైనే పారేదాకా ఆ పని ఆపకండి. తర్వాత సందులో ఎండుపుల్ల వేసి చూడండి. పదడుగులు పోవడానికి ఐదు సెకన్లయినా పట్టాలి. అంతకంటే వేగమైతే ఇంకో రాయి పాతాలి.

పూడిక తీసే జేసీబీ డ్రైవరుకు ముందే చెప్పండి, అడుగు సాపు చేయొద్దని. గుంటలు, వంపులు ఉంటేనే చేపకు నీడ.

గట్టు మీది సర్కారు తుమ్మను ఒకేసారి తీస్తే వానకు గట్టు జారిపోతుంది. ముక్కలు ముక్కలుగా తీయండి. మొదలును అడుగు లోతున తవ్వి కోయకపోతే మళ్లీ చిగురిస్తుంది. ఖాళీ అయినచోట నీటి అంచున వట్టివేరు, రెల్లు, వాటి పైన వావిలి కొమ్మలు నాటండి. కానుగ, ఏరుమద్ది, నేరేడు మాత్రం గట్టు దాటి కింది నేలలోనే పెట్టాలి. పెద్ద వేరు చచ్చి కుళ్లితే గట్టులో బొక్క పడుతుంది. విత్తనాలు మీ వంక వెంట ఉన్న చెట్ల కిందే ఏరుకోండి. మా జిల్లాలో నాటడానికి సెప్టెంబరు చివర మంచిది, ఈశాన్య రుతుపవనాల వానలే బతికిస్తాయి. మేకలు రాకుండా కొట్టిన తుమ్మకంపే చుట్టూ వేశాం, కాయలు లేనిది చూసి.

ఒక్క హెచ్చరిక. చెరువులో బయటి జాతులైన జిలేబి (తిలాపియా) చేపలు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఉంటే మీరు తెరిచిన దారి వాటికీ దారే. ముందు వలలు వేసి చూసుకోండి, మత్స్యశాఖవాళ్లను అడగండి.

మొదటి కొత్తనీరు వచ్చిన మూడు రాత్రులు కాలువలో మావులు (చేపలు పట్టే బుట్టలు), వలలు పెట్టకూడదని ఊళ్లో మాట తీసుకోండి. ఆ రాత్రుల్లో టార్చికి ఎర్ర కాగితం చుట్టి గట్టు మీద కూర్చోండి. చేపలు ఏ వరుస కింద గుంపుగా ఆగిపోతున్నాయో, దాని ఎదురుగా గట్టు మీద మేకు కొట్టండి. వేసవిలో నీళ్లు ఎండగానే సరిచేయాల్సింది ఆ సందునే.