గల్ఫ్ నుంచి డబ్బు ఎప్పుడు పంపాలి? మారకం రేటు లెక్క వేసుకోవడం ఎలా?

జీతం పడిన సాయంత్రం దుబాయ్ క్యాంపు గదిలో మొదట వినిపించే మాట, "ఇవాళ రేటు ఎంత?" రూపాయి పడిపోయిందని ఊళ్లో దిగులుపడుతుంటే ఇక్కడ ముఖాలు వెలుగుతాయి. కానీ రేటు కోసం కాచుకుని లాభపడినవాళ్లకంటే చేతులు కాల్చుకున్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. డబ్బు పంపే కౌంటర్ దగ్గరకు వెళ్లేముందు ఈ లెక్కలు వేసుకోండి.

1. ముందు డాలర్‌ను చూడండి

యూఏఈ దిర్హమ్‌ను 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర, సౌదీ రియాల్‌ను 1986 నుంచి 3.75 దగ్గర కట్టేశారు, అంటే ఒక డాలర్‌కు ఎన్ని వస్తాయో మారదు. దిర్హమ్ పెరిగిందంటే డాలర్ ముందు రూపాయి తగ్గిందనే అర్థం. డాలర్ 90 రూపాయలు ఉంటే, దాన్ని 3.6725తో భాగించండి. దిర్హమ్ సుమారు 24.50 అవుతుంది. కువైట్ దినార్ దారి వేరు. 2007 నుంచి దాన్ని కొన్ని కరెన్సీల మూటతో ముడిపెట్టారు కాబట్టి కడప నుంచో కోనసీమ నుంచో అక్కడికి వెళ్లినవాళ్లు దినార్ రేటునే నేరుగా చూసుకోవాలి.

2. బోర్డు మీది రేటు కాదు, చేతికందే రూపాయలు లెక్కపెట్టండి

ఫోన్‌లో కనిపించే రేటు బ్యాంకులు తమలో తాము ఇచ్చిపుచ్చుకునేది. మనకు దానికంటే కొంత తగ్గించి ఇస్తారు. ఉదాహరణకు ఒక చోట రేటు 24.40, ఛార్జీ 15 దిర్హమ్‌లు. పక్కన రేటు 24.20, ఛార్జీ లేదు. మీ దగ్గర 500 దిర్హమ్‌లే ఉంటే మొదటి చోట 11,834 రూపాయలు, రెండో చోట 12,100 వస్తాయి. అదే 2,000 ఉంటే మొదటి చోటే 34 రూపాయలు ఎక్కువ. అందుకే "రేటు ఎంత?" అని కాదు, "నా దగ్గర ఇంత ఉంది, ఊళ్లో ఎంత పడుతుంది?" అని అడగండి. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది, రేటు మెరుగుపడే ఆశ ఉండదు. తొందర లేకపోతే సోమవారం దాకా ఆగి చూడండి.

3. అప్పు ఉంటే ఆగకండి

అసలు విషయం ఇక్కడే ఉంది. వీసా కోసం ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. 2,000 దిర్హమ్‌లు, అంటే దాదాపు 48,000 రూపాయలు, నెల ఆలస్యంగా పంపితే 1,440 రూపాయలు వడ్డీకే పోతాయి. అది పూడాలంటే దిర్హమ్ ఆ నెలలో 72 పైసలు పెరగాలి. అంటే డాలర్ రెండు రూపాయల అరవై పైసలకు పైగా ఎక్కాలి. ఎప్పుడో గాని అంత ఎక్కదు.

ఎక్కినా మనిషి ఆశ ఆగదు. 2013 ఆగస్టు చివర్లో డాలర్ 68 దాటింది. 70కి చేరాకే పంపుతానని మా గదిలో ఒకాయన జీతం పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అక్టోబరుకు డాలర్ 62 దగ్గరికి దిగింది. ఈలోగా కూతురి కాలేజీ ఫీజుకు ఇంట్లో గాజులు తాకట్టు పెట్టారు.

4. ఖర్చుల డబ్బు వేరు, మిగులు వేరు

బియ్యం, ఫీజులు, చీటీ పాట వాయిదా, ఇవి రేటుతో పనిలేకుండా ప్రతి నెలా పోవాల్సినవే. మిగులుతోనే రేటు చూసుకోండి. దాన్నీ ఒకేసారి కాక రెండు మూడు విడతలుగా పంపితే నష్టం సర్దుకుంటుంది. ఊళ్లో వెంటనే అవసరం లేని సొమ్మును మన బ్యాంకుల్లో ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్‌గా, అంటే ప్రవాసులు విదేశీ కరెన్సీలోనే దాచుకునే డిపాజిట్‌గా వేయవచ్చు. ఏడాది నుంచి అయిదేళ్ల దాకా అది డాలర్లలోనే ఉంటుంది, రూపాయి పడినా అసలు తగ్గదు. రూపాయల్లోనే దాచాలనుకుంటే ప్రవాసుల కోసం మన బ్యాంకుల్లో ఎన్ఆర్ఈ ఖాతా ఉంది.

5. రేటు బాగుందని అప్పు చేసి పంపకండి

రూపాయి పడిన వారంలో గల్ఫ్ బ్యాంకులో అప్పు తీసి ఊరికి పంపేవాళ్లుంటారు. వాయిదాలు దిర్హమ్‌లలో, వడ్డీతో సహా కట్టాలి. ఉద్యోగం పోతే వాయిదా ఆగదు. బ్యాంకుతో పనిలేకుండా చేతుల మీదుగా డబ్బు చేరవేసే హుండీవాడు ఒక రూపాయి ఎక్కువిస్తానన్నా వెళ్లకండి, మన చట్టం దాన్ని ఒప్పుకోదు. డబ్బు అందకపోతే చూపించడానికి రశీదూ ఉండదు.

6. పంపాక

రశీదు ఫొటో ఇంటికి పంపి, ఖాతాలో ఎంత పడిందో అంకెతో సహా చెప్పమనండి. ఆ రోజు రేటు, ఛార్జీ, చేరిన రూపాయలు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే, ఆరు నెలల్లో ఏ కౌంటర్ మీకు నిజంగా ఎక్కువ ఇస్తోందో తేలిపోతుంది.